చుట్ట కాల్చి 97 ఏళ్ళు బతికిన తాత, 52కే స్టెంట్ పడిన నాన్న: ఈ జన్యు రిపోర్టును ఎలా చదవాలి?

గోదారిగట్టు:
అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 52 ఏళ్ళకే స్టెంట్ వేశారు. ఆయన తండ్రి, అంటే మా తాతగారు, 97 దాకా ఉన్నారు. రోజూ చుట్ట కాల్చేవారు, ముద్దపప్పులో నెయ్యి గరిటెతో పోయించుకునేవారు. నాకిప్పుడు 38. ఆ మధ్య సరదాగా, ఉమ్ము నమూనా పంపించే జన్యు పరీక్ష ఒకటి చేయించా. "9పీ21 దగ్గర రెండు కాపీలూ రిస్కువే, గుండెజబ్బు అవకాశం ఎక్కువ" అని ఎర్ర అక్షరాల్లో వచ్చింది. అదే రిపోర్టు తిరగేస్తే "దీర్ఘాయుష్షు: సగటు కంటే మెరుగు" అని పచ్చ అక్షరాల్లో ఉంది. రెండూ ఒకే మనిషికి ఎలా కుదురుతాయండీ? టెన్షన్ పడాలా, తాతగారి పోలిక అనుకుని ఊరుకోవాలా?

పెసరట్టుప్రియ:
మా తాతయ్యా అంతే. బీడీ మానలేదు, 93 దాటారు. ఆ రోజుల తిండి వేరు, ఆ గాలి వేరు. ఆ రిపోర్టు పక్కన పడేసి హాయిగా నిద్రపోండి.

చెరువుకట్ట:
చుట్ట కాల్చి 97 దాకా ఉన్న తాత గురించి అందరూ చెబుతారు. చుట్ట కాల్చి 58కే పోయిన తాత గురించి చెప్పడానికి మనవళ్ళ దగ్గర కబుర్లేవీ ఉండవు. మా ఇంట్లో ఆ రెండో రకం. గోడ మీద ఫొటో ఒకటే మిగిలింది.

ల్యాబ్‌బెంచి:
గోదారిగట్టు గారూ, రెండూ ఒకే మనిషికి నిక్షేపంగా కుదురుతాయి. నేను జన్యుశాస్త్రం ల్యాబ్‌లో పనిచేస్తాను, డాక్టర్ని కాదు. అది గుర్తుపెట్టుకుని చదవండి.

9పీ21 అనేది తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఒక చోటు పేరు. అక్కడి తేడాలకీ గుండెపోటుకీ సంబంధం ఉందని 2007లో రెండు బృందాలు విడివిడిగా బయటపెట్టాయి. తమాషా ఏమిటంటే, ఆ తేడాలున్న చోట ప్రోటీన్ తయారుచేసే జన్యువే లేదు. అవి కొలెస్ట్రాల్ పెంచవు, బీపీ పెంచవు, షుగర్ జోలికీ పోవు. అయినా గుండె రక్తనాళాల్లో పూడిక వచ్చే అవకాశాన్ని మాత్రం కొంచెం పెంచుతాయి. ప్రతి మనిషికీ అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి, రెండు కాపీలుంటాయి. ఐరోపా మూలాలున్నవాళ్ళలో దాదాపు ఐదుగురిలో ఒకరికి మీలాగే ఆ రెండూ రిస్కువే ఉంటాయి. ఇంతమందికి ఉన్నదాన్ని ఎర్ర అక్షరాల్లో రాసి భయపెట్టడం ఆ కంపెనీ వాళ్ళ వ్యాపారం.

ఇక మీ ప్రశ్నలో అసలు సంగతి. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో, కనీసం ఇద్దరు తోబుట్టువులు తొంభై దరిదాపులకు చేరిన కుటుంబాలను ఏళ్ళ తరబడి గమనిస్తున్నారు. 2010లో వాళ్ళొక లెక్క వేశారు. గుండెజబ్బు, క్యాన్సర్, షుగర్ రిస్కు పెంచుతాయని అప్పటికి తెలిసిన ముప్పై జన్యు తేడాలను తీసుకుని, ఈ వృద్ధుల్లో ఎన్నున్నాయి, మామూలు మధ్యవయసు వాళ్ళలో ఎన్నున్నాయి అని పోల్చారు. రెండు గుంపుల్లోనూ దాదాపు సమానమే. చెడ్డ వేరియంట్లు తక్కువగా ఉండబట్టి వాళ్ళు తొంభై దాటలేదన్నమాట.

పాలమూరు_పిల్ల:
అన్నా, మరి వాళ్ళ దగ్గర ఏమున్నట్టు? అదృష్టమా?

ల్యాబ్‌బెంచి:
అదృష్టం పాలు పెద్దదేనమ్మా. దాన్ని పక్కనపెడితే, ఎక్కువ దేశాల్లో మళ్ళీ మళ్ళీ నిలబడిన పేరు ఏపీఓఈ. ఈ జన్యువు 19వ క్రోమోజోమ్ మీద ఉంటుంది, రక్తంలో కొవ్వును మోసే ప్రోటీన్‌ని తయారుచేస్తుంది. మూడు రకాలు: ఈ2, ఈ3, ఈ4. ఎక్కువమందిది ఈ3. ఈ4 ఉంటే చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్‌డీఎల్ కాస్త పెరుగుతుంది, అల్జీమర్స్ రిస్కు బాగా పెరుగుతుంది. 1994లో ఫ్రాన్స్‌లో నూరేళ్ళు దాటినవాళ్ళను పరీక్షిస్తే వాళ్ళలో ఈ4 తక్కువగా, ఈ2 ఎక్కువగా కనిపించాయి. ఈ4 ఉన్నవాళ్ళలో చాలామంది ముందే రాలిపోయారని దాని అర్థం. అలాగని ఈ4 ఉంటే నూరేళ్ళు దాటరని కాదు, దాటినవాళ్ళూ ఉన్నారు.

రెండోది ఫాక్సో3. హవాయిలో జపాన్ మూలాలున్న మగవాళ్ళ మీద చేసిన అధ్యయనంలో 2008లో బయటపడింది. ఆ తర్వాత వేరే జనాభాల్లోనూ కనిపించింది. దీని ప్రభావం చిన్నదే. మీ రిపోర్టులో పచ్చ అక్షరాలు బహుశా దీని చలవే.

ఊరి_కరణం:
ముందు ఒక చిన్న సందేహం తీర్చండి. 97 అన్నదానికి కాగితం ఉందా? మా తాలూకాలో పెద్దాళ్ళ వయసులన్నీ "మూసీ వరదప్పుడు నేను నడిచేవాణ్ణి", "పుష్కరాలకి నా పెళ్ళయింది" లెక్కలే. మూసీ వరద 1908 కాబట్టి పట్టుకోవచ్చు. పుష్కరాలు పన్నెండేళ్ళకోసారి వస్తాయి. ఒక పుష్కరం అటూ ఇటూ అయితే పన్నెండేళ్ళు కొట్టుకుపోయినట్టే.

ఇది మన దగ్గరే ఉన్న రోగం కాదు లెండి. 2010లో టోక్యోలో అత్యంత వృద్ధుడని అభినందించడానికి అధికారులు ఒక 111 ఏళ్ళాయన ఇంటికి వెళ్తే, ఆయన పోయి ముప్పై ఏళ్ళు దాటిందని తేలింది. శవం ఇంట్లోనే ఎండిపోయి ఉంది, పింఛను మాత్రం వస్తూనే ఉంది. ఆ తర్వాత దేశమంతా రికార్డులు తిరగేస్తే, కాగితం మీద బతికి ఉండి మనిషి మాత్రం ఎక్కడున్నాడో తెలియని శతాధికులు రెండు లక్షల పైచిలుకు తేలారు. జపాన్‌లోనే ఇలా ఉంటే మన సంగతి చెప్పేదేముంది!

గోదారిగట్టు:
కరణం గారూ, తాతగారు మిషన్ స్కూల్లో చదివారు, రిజిస్టర్‌లో పుట్టినతేదీ ఉంది. అప్పట్లో బడిలో వేసేటప్పుడు ఒకటి రెండేళ్ళు మార్చి రాయించేవారట, కాదనను. ఎలా చూసినా 95కి తగ్గరు.

ఊరి_కరణం:
అయితే సరే. నా అభ్యంతరం వెనక్కి.

మిలానో_మాస్టారు:
నేను ఇటలీలో ఉంటాను కాబట్టి ఇక్కడి కథ ఒకటి. గార్డా సరస్సు ఒడ్డున లిమోనే అనే చిన్న ఊరుంది. వెనక నిలువునా కొండ, ముందు నీళ్ళు. 1930ల్లో రోడ్డు పడేదాకా ఆ ఊరికి పడవలోనో కొండదారినో రావాల్సిందే. 1970ల్లో ఆ ఊరి నుంచి వచ్చి మిలానోలో స్థిరపడ్డ రైల్వే ఉద్యోగి ఒకాయన రక్తపరీక్ష చూసి డాక్టర్లు బిత్తరపోయారు. ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు ఆకాశంలో, మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ పాతాళంలో. ఆ అంకెలకి ఎప్పుడో గుండెపోటు రావాలి. చూస్తే రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి.

మిలానో విశ్వవిద్యాలయానికి చెందిన చెజారే సిర్తోరి బృందం కారణం పట్టుకుంది. హెచ్‌డీఎల్‌లో ముఖ్యమైన ఏపీఓఏ-1 ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారింది. 173వ స్థానంలో ఆర్జినిన్ ఉండాల్సిన చోట సిస్టీన్ ఉంది. ఊరు ఊరంతా రక్తం ఇచ్చింది. నలభై మంది దాకా ఈ మార్పుతో తేలారు. చర్చి రిజిస్టర్లు పట్టుకుని వెనక్కి వెళ్తే అందరి వంశాలూ 18వ శతాబ్దపు ఒకే జంట దగ్గర కలిశాయి. మన ఊళ్ళలో మేనరికాల వంశవృక్షం గీసినట్టే ఉంటుంది ఆ పటం.

పాలమూరు_పిల్ల:
భలే ఉంది సార్. దాంతో మందు చేయలేదా?

మిలానో_మాస్టారు:
చేశారమ్మా, అక్కడే కథ అడ్డం తిరిగింది. 2003లో ఆ ప్రోటీన్‌ని కృత్రిమంగా తయారుచేసి కొద్దిమంది రోగులకి ఐదు వారాలు ఎక్కిస్తే, రక్తనాళాల్లో పూడిక 4 శాతం పైచిలుకు తగ్గిందని ప్రకటించారు. పెద్ద సంచలనం. మందుల దిగ్గజం ఫైజర్, దాన్ని తయారుచేసిన చిన్న కంపెనీని ఏకంగా 130 కోట్ల డాలర్లు పోసి కొనేసింది. పదమూడేళ్ళ తర్వాత, అప్పటికి వేరే కంపెనీ చేతిలో ఉన్న ఆ మందును కొత్తగా పరీక్షిస్తే, స్టాటిన్లు అనే ఇప్పటి కొలెస్ట్రాల్ మాత్రలు వాడుతున్న రోగుల్లో అదనపు లాభం ఏమీ కనిపించలేదు. 2016లో దాన్ని పక్కన పెట్టేశారు.

ల్యాబ్‌బెంచి:
మాస్టారూ, దీనికి జోడీ కథ నా దగ్గరుంది. న్యూయార్క్‌లో నీర్ బార్జిలై బృందం అష్కెనజీ యూదు శతాధికుల్ని పరిశీలించి 2003లో సీఈటీపీ అనే జన్యువులో ఒక తేడా వాళ్ళలో ఎక్కువుందని చెప్పింది. ఆ తేడా ఉంటే కొలెస్ట్రాల్ రేణువులు పెద్దవిగా ఉంటాయి, హెచ్‌డీఎల్ పెరుగుతుంది. సీఈటీపీని అడ్డుకునే టోర్సెట్రాపిబ్ మందు మీద అప్పటికే పని నడుస్తోంది. అది హెచ్‌డీఎల్‌ని బ్రహ్మాండంగా పెంచింది. 2006 డిసెంబరులో పరీక్షను అర్ధంతరంగా ఆపేశారు, మందు వాడినవాళ్ళలోనే చావులు ఎక్కువయ్యాయి కాబట్టి. వృద్ధుల్లో కనిపించిన ప్రతి తేడా మందుగా పనికొస్తుందనుకుంటే ఇలాగే బోల్తా పడతాం.

పనికొచ్చింది పీసీఎస్‌కే9 అనే జన్యువు. 2003లో ఫ్రాన్స్‌లో, కొలెస్ట్రాల్ విపరీతంగా ఉండే కుటుంబాల్లో ఈ జన్యువు అతిగా పనిచేస్తోందని కనుక్కున్నారు. అయితే ఇది పనిచేయని మనుషులు ఉండాలి కదా అని డల్లాస్‌లో హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ వెతికారు. దొరికారు. 2006లో వాళ్ళు ప్రచురించిన అంకెలు చూడండి: నల్లజాతి అమెరికన్లలో 2.6 శాతం మందికి ఈ జన్యువులో ఒక కాపీ చెడిపోయి ఉంది. వాళ్ళ ఎల్‌డీఎల్ మిగతావాళ్ళ కంటే 28 శాతం తక్కువ. గుండెజబ్బు 88 శాతం తక్కువ! స్టాటిన్‌తో ఎల్‌డీఎల్‌ని అంతే తగ్గించినా ఇంత లాభం రాదు. తేడా ఎక్కడంటే, వీళ్ళది పుట్టినప్పటి నుంచీ తక్కువ. ఎల్‌డీఎల్ అప్పు మీద చక్రవడ్డీ లాంటిది, ఏ వయసులో తగ్గించడం మొదలుపెట్టామన్నదే లెక్క. ఈ జన్యువుని అడ్డుకునే ఇంజెక్షన్లకి 2015లో అనుమతి వచ్చింది. మన దగ్గరా దొరుకుతాయి. ఖరీదే చేదు.

ఆరోగ్య_రహస్యం:
ఇవన్నీ మందుల కంపెనీల కుట్ర. నూరేళ్ళు బతకాలంటే మా కషాయం చాలు. 40 రోజుల కోర్సు, జన్యువులు కూడా మారతాయి. [లింకు తొలగించబడింది]

మోడరేటర్:
అమ్మకాల లింకు తీసేశాను. ఇంకోసారి పెడితే ఐడీ పోతుంది.

చెరువుకట్ట:
40 రోజుల్లో జన్యువులు మారితే మా బావమరిదికి ముందు ఆ ముక్కు మార్పించండి.

శవపరీక్ష_సుబ్బులు:
పేరు చూసి జడుసుకోకండి, నేను పాథాలజీ చదివాను. అతివృద్ధుల శరీరం లోపల ఎలా ఉంటుందో చెప్పే కేసు ఒకటుంది. హెండ్రిక్యె వాన్ అండెల్, డచ్ మహిళ. 1890లో నెలలు నిండకుండా కిలోన్నర బరువుతో పుట్టింది. బతుకుతుందని ఎవరూ అనుకోలేదు. 82వ ఏట శరీరాన్ని వైద్య పరిశోధనకి ఇస్తానని సంతకం పెట్టింది. 111వ ఏట తానే గ్రోనింగెన్ విశ్వవిద్యాలయానికి ఫోన్ చేయించింది: "ఇంత ముసలిదాని శరీరం మీకు పనికొస్తుందా?" అని. ఆవిడ 2005లో, 115 ఏళ్ళకి పోయింది. కడుపులో క్యాన్సర్.

రక్తనాళాలు తెరిచి చూస్తే పూడిక దాదాపు లేదు. మెదడులో అల్జీమర్స్ ఆనవాళ్ళూ లేనట్టే. నేను శవపరీక్షల్లో 40 ఏళ్ళ మగవాళ్ళ బృహద్ధమనిలో, అంటే గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళంలో, పసుపు పచ్చ చారలు, గట్టిపడ్డ పలకలు చూశాను. కత్తెర వేస్తే కరకరమంటాయి. ఆ లెక్కన ఆవిడ నాళాలు ఏ స్థితిలో ఉన్నాయో ఊహించుకోండి. తర్వాత ఆవిడ రక్తకణాల డీఎన్‌ఏ చదివితే ఇంకో సంగతి తెలిసింది. చివరి రోజుల్లో ఆవిడ తెల్లరక్తకణాల్లో ఎక్కువ భాగం రక్తాన్ని పుట్టించే మూలకణాల్లో కేవలం రెండింటి సంతతి. మిగతావి అరిగిపోయాయి. గుండె మోసం చేయకపోయినా ఇంకో చోట గడువు ముగుస్తుంది.

పెసరట్టుప్రియ:
అయితే ఆవిడ తిండి ఏమిటట? రోజూ ఉప్పు చేప తినేదని ఎక్కడో చదివా. మనకీ ఉప్పుచేప ఉందిగా!

శవపరీక్ష_సుబ్బులు:
తినేది, నిజమే. ఉప్పుచేప తినే ఊళ్ళన్నీ 115 దాటడం లేదు కదండీ. బార్జిలై బృందమే 2011లో 95 దాటినవాళ్ళని పాత అలవాట్ల గురించి అడిగింది. బరువు, మద్యం, వ్యాయామం, తిండి ఏదీ మామూలు జనం కంటే మెరుగు కాదు. మగవాళ్ళలో 60 శాతం దాకా పొగతాగినవాళ్ళే. వాళ్ళకి చెల్లింది. మనకి చెల్లుతుందన్న గ్యారంటీ లేదు. ఆ గ్యారంటీ ఉందో లేదో చెప్పే పరీక్ష ఇవాళ్టికీ లేదు.

ఎడిసన్_ఎన్నారై:
2010లో బోస్టన్ వాళ్ళు అలాంటి పరీక్ష కనిపెట్టామన్నారు కదా? జన్యువులు చూసి ఎవరు నూరేళ్ళు దాటతారో 77 శాతం కచ్చితంగా చెబుతామని పేపర్లలో వచ్చింది.

ల్యాబ్‌బెంచి:
వచ్చింది, 2011లో ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు కూడా. జన్యువులు చదవడానికి వాడిన చిప్‌లలో కొన్ని తప్పు ఫలితాలిచ్చాయి. మొదటి వార్త చదివిన వాళ్ళలో రెండోది ఎంతమంది చదివారో!

అసలు ఆయుష్షులో వంశం వాటా ఎంతన్న దానిమీదే పేచీ ఉంది. డెన్మార్క్ కవలల లెక్క పాతిక శాతం అంది. 2018లో కోట్లమంది వంశవృక్షాలు తిరగేసిన లెక్క 10 శాతం లోపే అంది, ఎందుకంటే మనుషులు తమలాంటి వాళ్ళనే పెళ్ళాడతారు, ఆ పోలికంతా జన్యువుల ఖాతాలో పడిపోతోందని. కానీ అమెరికాలో నూరేళ్ళు దాటినవాళ్ళ తోబుట్టువుల్ని చూస్తే, అన్నదమ్ములు నూరు చేరే అవకాశం సాటివాళ్ళ కంటే 17 రెట్లు, అక్కచెల్లెళ్ళది 8 రెట్లు. 80 దాకా బతకడం ఎక్కువగా అలవాట్ల పని, 100 దాటడం వంశం పని అని నా అభిప్రాయం. గొడవపడేవాళ్ళు పడొచ్చు.

హృదయాలయం:
కార్డియాలజిస్టుని. చర్చ అంతా చదివాను, బాగుంది. గోదారిగట్టు గారికి మాత్రం అవసరమైన మాట ఇంకా ఎవరూ చెప్పలేదు.

మీ తాతగారు మీకు రెండో తరం. నాన్నగారు మొదటి తరం. మగవాళ్ళకి 55 లోపు, ఆడవాళ్ళకి 65 లోపు గుండెజబ్బు వస్తే దాన్ని మేం కుటుంబ చరిత్రగా రాసుకుంటాం. 9పీ21 కంటే ఆ ఒక్క వాక్యం నాకు బరువైనది. లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ పరీక్ష), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), బీపీ చూపించుకోండి. దాంతోపాటు లైపోప్రోటీన్ ఎ అనే పరీక్ష, ఎల్‌పీ స్మాల్ ఏ అంటారు ల్యాబుల్లో, జీవితంలో ఒక్కసారి చేయిస్తే చాలు. అది దాదాపు పూర్తిగా జన్యువుల చేతిలో ఉంటుంది. పథ్యంతో తగ్గదు, పరుగుతో తగ్గదు. ప్రపంచంలో ఐదుగురిలో ఒకరికి ఎక్కువగా ఉంటుంది. పరగడుపున వెళ్ళనక్కర్లేదు. అది డెసీలీటరుకి 50 మిల్లీగ్రాములు దాటితే మిగతా రిస్కులన్నిటినీ ఇంకా గట్టిగా పట్టుకుంటాం. ఎల్‌డీఎల్ 190 దాటి ఉంటే వంశపారంపర్య హైపర్‌కొలెస్ట్రాల్ అనుమానించాలి. 250 మందిలో ఒకరికి ఉంటుందది, చాలామందికి ఉన్నట్టే తెలియదు.

ఎర్ర అక్షరాలకి భయపడేవాళ్ళకి ఒక అంకె. 2016లో యాభై వేల పైచిలుకు మందిని చూసిన అధ్యయనంలో, జన్యు రిస్కు బాగా ఎక్కువున్నా పొగ మానడం, బరువు అదుపు, కదలడం, సరిగ్గా తినడం అనే నాలుగింటిలో కనీసం మూడు పాటించినవాళ్ళకి, ఒకటికి మించి పాటించని అదే రిస్కువాళ్ళతో పోలిస్తే గుండెజబ్బు 46 శాతం తక్కువ.

పాలమూరు_పిల్ల:
డాక్టర్ సార్, మన సీసీఎంబీ వాళ్ళు గుండె జన్యువు ఒకటి కనుక్కున్నారని విన్నాం. అది ఇదేనా?

హృదయాలయం:
అది వేరేది. దీంట్లో చాలామంది పొరబడతారు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలో తంగరాజ్ గారి బృందం మరికొందరితో కలిసి 2009లో ప్రచురించింది. ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాల ముక్క లేకపోవడం. భారత ఉపఖండంలో దాదాపు 4 శాతం మందికి ఉంది, బయట చాలా అరుదు. ఇది నాళాల్లో పూడిక తేదు. గుండె కండరంలోని ప్రోటీన్‌ని పాడుచేస్తుంది. కండరం బలహీనపడి గుండె ఆయాసపడే జబ్బు, సాధారణంగా నడివయసు తర్వాత. పిల్లలు పుట్టేశాక ఎప్పుడో వచ్చే జబ్బు కాబట్టే వేల ఏళ్ళుగా తరం నుంచి తరానికి దాటుకుంటూ వచ్చిందని వాళ్ళ వాదన. ఉన్నవాళ్ళందరికీ జబ్బు రాదు, ఒకే స్థాయి ప్రమాదమూ కాదని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. ఇంట్లో ఎవరికైనా ఇలాంటి గుండె కండరపు జబ్బు (కార్డియోమయోపతీ) ఉంటే టూడీ ఎకో చేయించుకోవాలి. లిపిడ్ ప్రొఫైల్ చూసి ఇది పట్టలేం.

ఇంకోటి. మీ ఉమ్ము రిపోర్టుల్లో రిస్కు లెక్కలు ఎక్కువ భాగం ఐరోపా వాళ్ళ డేటా మీద కట్టినవి. మనకి ఆ శాతాలు అచ్చంగా అతకవు.

గోదారిగట్టు:
చాలా థాంక్స్ డాక్టర్ గారూ. ఎల్‌పీ స్మాల్ ఏ ఇవాళే ఇచ్చి వచ్చాను. మా తమ్ముడికీ చెప్పాను, వాడు "నాకేం అవుద్దిరా" అంటున్నాడు.

చెరువుకట్ట:
ఆ డైలాగ్ కొట్టేవాళ్ళనే ముందు పంపించాలి.

కాకినాడ_కోడలు:
నాదో ప్రశ్న. మా అత్తగారికి 91. గుండెజబ్బు ఎప్పుడూ లేదు, షుగర్ లేదు. ఎప్పుడో రాసిన స్టాటిన్ మాత్ర వేసుకుంటూనే ఉన్నారు. ఈమధ్య కాళ్ళు లాగుతున్నాయంటున్నారు. ఇంత వయసొచ్చాక కొలెస్ట్రాల్ మాత్ర ఆపేయొచ్చా? మా ఆయన వద్దంటారు, ఆడపడుచు ఆపేయమంటుంది.

హృదయాలయం:
అమ్మా, గుండెపోటు, స్టెంట్, పక్షవాతం వచ్చినవాళ్ళు ఏ వయసులోనైనా సొంతంగా ఆపకూడదు. ఏమీ రాకుండా తొంభై దాటినవాళ్ళ సంగతి వేరు. 75 దాటి, జబ్బు లేనివాళ్ళకి కొత్తగా స్టాటిన్ మొదలుపెడితే లాభమా కాదా అన్నదే ఇంకా పెద్ద పరీక్షలతో తేల్చుకుంటున్నారు. కాళ్ళ లాగుడికి మాత్రే కారణమో, విటమిన్ డి, థైరాయిడో ముందు చూడాలి. కండరాలు దెబ్బతింటున్నాయేమో చెప్పే సీకే అనే రక్తపరీక్ష ఒకటి చేయించండి. మాత్ర పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, ఇంకేం మందులు వేసుకుంటున్నారో కాగితం మీద రాసి మీ డాక్టర్ గారి దగ్గరికి తీసుకెళ్ళండి. ఆపితే ఆయన చెప్పే ఆపండి.

కాకినాడ_కోడలు:
సరే సార్. మాత్ర 20 మిల్లీగ్రాములు. పేరు అత్తగారి డబ్బా చూసి రేపు పెడతాను, ఆవిడ ఇప్పుడే పడుకున్నారు.